తీగ మీద ఉన్నంతసేపూ

సోమవారం

తెల్లవారగానే టవర్ ఎక్కి తీగ మీది ఉప్పు గీశాను. ఒక్కరోజు వదిలేస్తే తెల్లగా పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు మీద తపాలా ఉట్టి చక్రాలు నడవవు. కింద ఏసుపాదం బాబాయ్ వాననీటి డ్రమ్ములకు తాళ్లు బిగిస్తున్నాడు. సముద్రంలో తుఫాను పుట్టిందనీ, మా వైపే రావచ్చనీ రేడియో చెబుతోంది. బాబాయ్ అంటున్నానే గానీ ఆయన నాకు చుట్టమేమీ కాదు. నేను ఈ ఏడో టవర్‌కు తపాలా అధికారిగా రాకముందు నుంచే ఇక్కడ లైన్‌మన్.

నీళ్లు ముంచని మెట్ట నుంచి రావలసిన ఉట్టి పొద్దెక్కాక కనబడింది. ఉట్టి అని జనం ముద్దుగా అంటారు గానీ అది తీగకు వేలాడే ఇనుప తొట్టి. మనిషి ముడుచుకుని కూర్చుంటే సరిపోయేంత ఉంటుంది. మునిగిపోయిన ఊళ్ల మీదుగా టవర్ నుంచి టవర్‌కు పాకుతూ పంటు ఊళ్లకు పార్సిళ్లు తెస్తుంది. డ్రమ్ములూ చెక్కలూ కలిపి కట్టుకుని నీళ్ల మీదే కాపురాలు చేస్తున్న ఆ జనానికి ఏం కావాలన్నా అదే దిక్కు.

ఇవాళ్టి ఉట్టి కింద ఎర్రదీపం ఉంది. ప్రాణమున్న సరుకు లోపల ఉంటే ఆ దీపం వెలిగిస్తారు. తీగలో పారే, ముట్టుకున్నా షాక్ కొట్టని కొద్దిపాటి కరెంటుతో ఆ సరుకు పెట్టె చల్లగా ఉంటుంది.

ఆరో టవర్ దాటి సగం దూరం వచ్చి ఉట్టి ఆగిపోయింది. నేను బైనాక్యులర్స్ పెట్టి చూశాను. ముందు చక్రం తీగ పక్కకు ఒరిగి ఇరుక్కుంది. కాసేపటికి ఎర్రదీపం పసుపుపచ్చగా మారింది.

"కరెంటు తెగిందండమ్మా," అన్నాడు బాబాయ్. "ఇంక లోపలున్న బ్యాటరీ ఎంతసేపుంటే అంతసేపే."

మెట్ట మీది ఆఫీసుకు రేడియో చేశాను. సూపరింటెండెంట్ పద్మనాభంగారే పలికారు. రిపేరు సిబ్బంది తుఫాను వెళ్లాక గానీ బయలుదేరరని చెప్పారు.

"ఎర్రదీపం సరుకు ఉందండి లోపల."

"తెలుసు. మీరు మాత్రం దాని జోలికి వెళ్లకండి హైమావతిగారూ. తీగ మీద ఉన్నంతసేపూ పార్సిల్ ఎవరి చేతిలోనూ లేనట్టే లెక్క. పోయినా, పాడైనా సర్కారుకు పూచీ లేదు. మన అధికారి చెయ్యి ఒక్కసారి పడిందా, లోపలున్న ప్రతి దానికీ మనదే పూచీ."

ఈ రూలు నాకు తెలియనిది కాదు. ఉప్పెన వచ్చిన ఏడాది పోయిన సరుకుల కోసం జనం ఆఫీసుల మీద పడ్డాక తెచ్చారు. ఇన్నాళ్లూ అది నాకు పరీక్షలో రాసిన జవాబు మాత్రమే. ఇవాళ అది ఎదురుగా గాలిలో ఊగుతోంది.

మంగళవారం

అలలు పెరిగాయి. అయినా మధ్యాహ్నం ఒక చిన్న పడవ మా టవర్ కాళ్ల దగ్గరికి వచ్చింది. అందులో ఒక్కతే ఆడమనిషి. బాబాయ్ తాడు విసిరి పైకి లాగాడు. తడిసి ముద్దయి ఉంది. నేనిచ్చిన తువ్వాలు చేతిలో పట్టుకుందే గానీ తుడుచుకోలేదు.

"నా పేరు నూకరత్నమండి. ఆసుపత్రి పంటు నించి వచ్చాను. ఆ ఆగిపోయినదాంట్లో మా చెల్లి గుండెకి పెట్టాల్సింది ఉందండి."

చెల్లెలి పేరు లోవకుమారి. పంటు ఊళ్లలో పిల్లలకు తెడ్డు పట్టడం, ఈత కొట్టడం నేర్పుతుంది. గుండెలో ఒక కవాటం చెడింది. ఆమె ఒంట్లోంచే చిన్న ముక్క తీసి, మెట్ట మీది ల్యాబ్‌లో నెలల తరబడి కొత్త కవాటం పెంచారు. అది ఉట్టిలో ఉంది.

"ఇంకోటి పెంచలేరా?" అన్నాను.

"మళ్ళీ అన్ని నెలలూ పడుద్దంటండి. మా చెల్లి అన్నాళ్లు ఆగదండి. పడుకుంటే ఊపిరాడదు దానికి. గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతంది." తువ్వాలును రెండు చేతులతో పిండుతూ ఉట్టి వైపు చూసింది. "కనబడతానే ఉంది కదండీ. అంత దూరంలోనే ఉంది. తెచ్చి పెట్టలేరా?"

నేను మళ్లీ రేడియో దగ్గరికి వెళ్లాను. నూకరత్నం నా వెనకే నిలబడింది. వెళ్లమనలేకపోయాను.

"సార్, ఒక మనిషి ప్రాణం సార్ అది."

"నాకు మాత్రం మనసు లేదనుకున్నారా?" పద్మనాభంగారి గొంతు గరగరలాడింది. అది గాలి వల్లో ఆయన వల్లో తెలియలేదు. "ఆ తీగ తెగి మీరు సముద్రంలో పడితే? ఉట్టి తలుపు తెరిచాక మిగతా పార్సిళ్లు పడిపోతే? ఎవరు జవాబు చెప్పాలి?"

"ముట్టుకోకపోతే ఎవరు చెప్పాలి సార్?"

"తుఫాను చెబుతుంది. ముట్టుకోకండి. ఇది ఆర్డరు."

నేను వెనక్కి తిరిగేసరికి నూకరత్నం మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. "ఆయన్ని అనకండి. మిమ్మల్నీ అననండి. ఒక్క మాట చెప్పండి చాలు. అది పాడైపోయిందని మా చెల్లికి నేను చెప్పాలా, మీరు వచ్చి చెప్తారా?"

 గంజి కాచి ఇచ్చాను. తాగింది. పడవలో తిరిగి వెళ్లే స్థితి లేదు కాబట్టి టవర్ మీదే ఉండిపోయింది.

బుధవారం

తెల్లవారేసరికి పసుపుదీపం ఆరిపోతూ వెలుగుతూ ఉంది. బ్యాటరీ చివరికి వచ్చిందని దాని అర్థం. ఆకాశం తూర్పున నల్లగా, దగ్గరగా ఉంది. గాలి ఆగి ఆగి ఒక్కసారిగా కొడుతోంది.

బాబాయ్ నాకు చెప్పకుండానే లైను కుర్చీ బయటికి తీసి చక్రాలకు గ్రీజు రాస్తున్నాడు. లైను కుర్చీ అంటే తీగకు వేలాడే చెక్కపలక. ఒక చివర తాడుతో వదులుతూ, లాగుతూ ఉండాలి.

"నేనెల్తానండమ్మా," అన్నాడు.

"మీరు వెళితే దాన్ని దొంగతనం అంటారు బాబాయ్. తలుపు తీసే హక్కు అధికారికే ఉంది. నేను తీస్తే పూచీ అంటారు."

"పూచీయే కదండీ? ప్రాణాలు తీసేది కాదు కదా?"

నాకు ఎత్తంటే భయం. ఉప్పు గీసేటప్పుడు కూడా కిందికి చూడను. కానీ ఆ ఆరిపోతూ వెలిగే దీపాన్ని ఇంకో పూట చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. నడుముకు తాడు కట్టుకుని పలక మీద కూర్చున్నాను. బాబాయ్ తాడు చుట్టే చక్రం పట్టుకున్నాడు. నూకరత్నం ఆయన వెనక తాడు చివర మోచేతికి చుట్టుకుంది.

తీగ మీదుగా పోతున్నంతసేపూ నేను నా మోకాళ్లనే చూశాను. గాలి వచ్చినప్పుడల్లా పలక పక్కకు లేచి నా వీపు తీగకు కొట్టుకునేది. నోటినిండా ఉప్పు. ఎంత దూరం పోయానో తెలియదు. కాలికి ఇనుము తగిలేసరికి అదే ఉట్టి అని గ్రహించాను.

తలుపు గడియ ఉప్పుతో బిగుసుకుపోయింది. స్పానర్‌తో కొట్టాను. రాలేదు. మళ్లీ కొట్టాను. ఈసారి గడియ ఊడింది. వెంటనే గాలి ఆ తలుపును నా చేతిలోంచి లాక్కుని అవతలికి విసిరింది. ఉట్టి మొత్తం నా వైపు తిరిగింది.

పెట్టె తలుపు పక్క అరలోనే ఉంది. పట్టీ విప్పి, ఛాతీకి ఆనించుకుని తువ్వాలుతో రెండు చుట్లు కట్టుకున్నాను. చల్లగా తగిలింది. ఇంకా చల్లగానే ఉందన్న సంతోషంలో వెనక ఉన్న సంచుల వైపు చెయ్యి చాచాను. ఒకటైనా, రెండైనా తీసుకుపోదామనుకున్నాను. ఎర్రదారంతో మూతి కుట్టిన ఒక గోనెసంచి నా చేతికి అందింది.

అప్పుడు పైన చక్రం కిర్రుమంది. తెరిచిన తలుపులోకి గాలి నిండి ఉట్టిని తీగ మీంచి ఎత్తుతోంది. ఉట్టి ఒక పక్కకు వాలింది. లోపలి వల తెగి సంచులు ఒకదాని వెనక ఒకటి నా కాళ్ల పక్కనుంచి జారిపోయాయి. గోనెసంచి బరువుకు నేనూ వాలాను. ఒక చెయ్యి తీగ మీద, ఒక చెయ్యి సంచి మీద ఉన్నాయి. పెట్టె మెడకు ఒరుసుకుంటోంది.

సంచి వదిలేశాను.

చక్రం ఊడింది. ఉట్టి నా పక్కనుంచే కిందికి పోయింది. నీళ్లలో పడిన చప్పుడు గాలిలో వినబడనే లేదు.

బాబాయ్ నన్ను వెనక్కి లాగిన సంగతి సరిగా గుర్తు లేదు. టవర్ మీద కాలు పెట్టాక నూకరత్నం నా ఛాతీ మీది కట్టు ముడి రాకపోతే పళ్లతో కొరికి విప్పింది. గాలి కాస్త తెరిపిచ్చినప్పుడు బాబాయే ఆమెనూ పెట్టెనూ మా టవర్ పెద్ద పడవలో ఎక్కించుకుని ఆసుపత్రి పంటుకు బయలుదేరాడు.

నేను ఒక్కదాన్నే మిగిలి తుఫాను కోసం ఎదురుచూశాను.

గురువారం

తుఫాను రాలేదు. సముద్రంలోనే దారి మార్చుకుని ఉత్తరానికి పోయింది. పొద్దున్నే ఎండ వచ్చింది. ఆరో టవర్‌కూ మాకూ మధ్య తీగ చెక్కుచెదరకుండా, తళతళలాడుతూ ఉంది.

దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. నేను చెయ్యి వెయ్యకుండా ఉంటే ఉట్టి ఇవాళ అక్కడే ఉండేది. రిపేరు సిబ్బంది వచ్చి విడిపించేవాళ్లు. కవాటం పాడైపోయేది. మిగతావన్నీ ఇళ్లకు చేరేవి.

సాయంత్రం బాబాయ్ తిరిగి వచ్చాడు. ఆపరేషన్ అయింది. లోవకుమారి ఇంకా కళ్లు తెరవలేదు.

శుక్రవారం

సంగతి తెలిసి పద్మనాభంగారు లాంచీలో వచ్చారు. నా మీద అరుస్తారనుకున్నాను. అరవలేదు. టీ ఇస్తే తాగారు. తీగను చూశారు. ఆ తరువాత బాబాయ్‌ను కిందికి పంపించి నాతో మాట్లాడారు.

"మీరు వెళ్లేసరికే ఉట్టి పడిపోయి ఉంది. పెట్టె ఒక్కటి తీగకు చిక్కుకుని వేలాడుతోంది. మీరు దాన్ని తెచ్చారు. అంతేగా జరిగింది?"

"కాదండి."

"అంతే జరిగిందంటున్నాను. చూసినవాళ్లు ముగ్గురే. మీ లైన్‌మన్ మీ మాట దాటడు. ఆ నూకరత్నం మీరేం చెప్పమంటే అది చెబుతుంది. మీ ఉద్యోగం మీకుంటుంది. మెచ్చుకోలు కూడా రాయిస్తాను."

"మరి మిగతా పార్సిళ్లవాళ్లు?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "హైమావతిగారూ, ఒక్కసారి సర్కారుదే పూచీ అని తేలిందనుకోండి, రేపటి నుంచి పడిపోయిన ప్రతి ఉట్టికీ కేసు పడుతుంది. తీగ తపాలా దండగని పైవాళ్లు ఎప్పటి నుంచో అంటున్నారు. మూసేస్తారు. అప్పుడు ఇంకో లోవకుమారికి గుండె ఎవరు మోసుకొస్తారు? మీరా?"

ఆయన భయపెట్టడానికి అనలేదు. నిజంగానే అలా అవుతుందని భయపడుతున్నారు.  విచారణకు పిలుపు వస్తుందనీ, ఈలోగా ఆలోచించుకోమనీ చెప్పి వెళ్లారు.

శనివారం

లోవకుమారి కళ్లు తెరిచింది. నూకరత్నం ఆసుపత్రి రేడియోలోంచి అరిచి చెప్పింది. "పడుకుందండీ! వెల్లకిలా పడుకుని నిద్రపోయిందండీ!" మధ్యలో ఎవరో రేడియో లాక్కున్నారు.

నేను నవ్వుకుంటూ బయటికి వచ్చేసరికి కింద ఇంకో పడవ ఆగి ఉంది.

వచ్చినాయన పేరు అబ్బులు. దక్షిణపు పంటులో నాచు పరిచి కట్టిన తేలే మళ్ల మీద వరి పండిస్తారు. అరవై దాటి ఉంటాయి. మెట్లెక్కి వచ్చి, కూర్చోమంటే కూర్చోలేదు.

"నా సంచి వచ్చిందేమోనని అడుగుదామని వచ్చానండి. గోనెసంచి. ఎర్రదారంతో మా ఆవిడే కుట్టింది."

నా చెయ్యి దానంతట అదే ముడుచుకుంది.

అది విత్తనం. ఉప్పునీళ్లలో చావని వరి. ఆయనా ఆయన భార్య సీతారత్నమూ ఏటేటా బతికిన వెన్నులు ఏరి ఏరి తయారు చేసుకున్నారు. ఈ ఏడు తెగులు అంటితే, శుద్ధి చేయించడానికి ఉన్నదంతా మెట్టకు పంపారు. శుద్ధయి తిరిగి వస్తూ ఉట్టిలో ఉంది.

"తుఫానులో పడిపోయిందంటన్నారు. తుఫాను రాలేదు కదండీ?"

పద్మనాభంగారి మాట నా నాలుక మీదికి వచ్చింది. అది చెబితే ఈ మనిషి వెళ్లిపోతాడు. ఎవరినీ తిట్టుకోడు. గాలిని తిట్టుకుంటాడు.

"రాలేదండి," అన్నాను. "ఉట్టి తలుపు నేనే తీశాను. ఒకమ్మాయి గుండెకు పెట్టాల్సిన పార్సిల్ కోసం. మీ సంచి నా చేతిలోకి వచ్చింది. పట్టుకోలేక వదిలేశాను."

ఆయన నావైపు చూసిన చూపు నేను రాయలేను.

"మీరు ముట్టుకోకపోతే నా ఇత్తనం ఈపాటికి మడిలో ఉండేది."

"అవునండి."

"ఆ గుండె ఎవరిదో గానీ, మరి మా పంటులో జనం ఏం తినాలండి? మీరెవరండీ ఎంచడానికి?"

ఆయన గొంతు పెరిగేసరికి బాబాయ్ పైకి వచ్చాడు. నేను ఆగమని సైగ చేశాను. తిట్టించుకున్నాను. అన్నీ నాకు తగిన మాటలే. చివరికి ఆయనే అలిసిపోయి మెట్టు మీద కూలబడ్డారు. "సర్కారు గిడ్డంగిలో నమూనా ఉందండి. శుద్ధి చేసినప్పుడు పిడికెడు ఉంచుకుంటారు. అడిగితే ఎవరికీ ఇవ్వరు. నా ఇత్తనమే, నాకే ఇవ్వరు."

ఆ పూట నేను పద్మనాభంగారికి రేడియో చేసి, జరిగింది జరిగినట్టే చెబుతానని చెప్పాను.  "మీ ఇష్టం," అని పెట్టేశారు.

విచారణ రోజు

ఆసుపత్రి పంటు దగ్గర లంగరు వేసిన కోర్టు లాంచీలో జరిగింది. విచారణాధికారి రఫియా బేగంగారు, నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ. పార్సిళ్లు పోయినవాళ్లంతా బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నారు. కొత్త కళ్లజోడు పోగొట్టుకున్న ముసలావిడ ఒకరు, కూతురు అల్లిన స్వెట్టరు పోయిందని ఒకాయన. వెనక నూకరత్నం నిలబడింది. వాళ్ల మధ్య కూర్చోవడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

పద్మనాభంగారు రూలు చదివారు. తీగ మీద ఉన్న పార్సిల్‌కు సర్కారు పూచీ లేదన్నారు. అధికారి ఆర్డరు మీరి వెళ్లింది కాబట్టి ఆమె చెయ్యి సర్కారు చెయ్యి కాదని కూడా వాదించారు.

నన్ను అడిగితే చెప్పాను. గడియ కొట్టడం, గాలి తలుపు లాక్కోవడం, సంచి వదిలెయ్యడం, అన్నీ చెప్పాను.

"మీరు ఏ హక్కుతో తెరిచారు?" అని బేగంగారు అడిగారు.

"తపాలా అధికారిగానేనండి. వేరే ఎవరు తెరిచినా అది దొంగతనం అయ్యేది. తెరిచే అధికారం సర్కారే నాకిచ్చింది. తెరిచాక జరిగినదాంతో సంబంధం లేదంటే ఎలాగండి?"

అబ్బులుగారు లేచారు. మాట్లాడవచ్చా అని అడగలేదు. "రేపు మళ్ళీ ఇలాంటిది వచ్చిందనుకోండి. ఏం చేస్తారమ్మా?"

లాంచీలో అందరూ నా వైపు తిరిగారు. నూకరత్నం కూడా.

"మళ్లీ వెళ్తానండి. కానీ తలుపు తియ్యకముందు ఉట్టిని తాడుతో తీగకు బిగిస్తాను. మొన్న నాకు ఆ ఆలోచన రాలేదు. దీపం ఒక్కటే చూశాను."

ఆయన కూర్చున్నారు.

తీర్పు సాయంత్రానికి వచ్చింది. అధికారి చెయ్యి పడిన క్షణం నుంచి పార్సిళ్లు సర్కారు చేతిలో ఉన్నట్టే. పోయిన ప్రతిదానికీ సర్కారు బదులివ్వాలి. అదే వస్తువు సర్కారు దగ్గర ఉంటే అదే ఇవ్వాలి. ఆర్డరు మీరినందుకు నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. రూలు మాత్రం అలాగే ఉంది. దాన్ని మార్చడం తన చేతిలో లేదని బేగంగారు చెప్పారు.

బయటికి వస్తుంటే పద్మనాభంగారు ఎదురయ్యారు. "ఇక ఎర్రదీపం ఉన్న పార్సిళ్లు తీసుకోవద్దని పైనుంచి మాట వస్తుందేమో చూడండి," అన్నారు. కోపం లేదు గొంతులో. అలసట ఉంది. రాకూడదని నేను కోరుకుంటున్నాను. రాదని చెప్పలేను.

టవర్ దిగిన రోజు

కొత్త అధికారి వచ్చాడు. పెళ్లి కాని కుర్రాడు, పేరు ప్రభుదాసు. ఎత్తంటే భయం లేదన్నాడు. ఉప్పు ఎలా గీయాలో బాబాయ్ చూపిస్తాడు.  బాబాయే నా ట్రంకు మోసుకుని కిందికి దింపి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పైకి వెళ్లిపోయాడు.

నూకరత్నం వస్తానంది. ఆమె కంటే ముందు అబ్బులుగారి పడవ వచ్చింది.

"గిడ్డంగివాళ్లు ఇచ్చారండి," అన్నారు పడవలోంచే. "పిడికెడే. మళ్ళీ పంటంతా అవ్వాలంటే ఏళ్లు పడతాది."

"సంతోషమండి."

"సంతోషమేంటండి? నా కోపం నాకుంది. పోద్దని కూడా అనుకోవట్లేదు." తెడ్డుతో పడవను టవర్ కాలికి ఆనించి పట్టుకున్నారు. "ఒక్క గింజ కూడా పోకూడదండి ఇందులో. పిట్టలొస్తాయి, పీతలొస్తాయి. మా ఆవిడకి మోకాళ్లు పనిచెయ్యవు. కావలికి మనిషి కావాలి. మీకెటూ పనిలేదు కదా?"

నేను ట్రంకు వైపు చూశాను. ఎక్కడికి వెళ్లాలో నిజానికి ఇంకా అనుకోలేదు.

"నన్ను నమ్ముతారా అండి?"

"నమ్మకం సంగతి తర్వాత చూద్దాం. చేసింది ఒప్పుకున్నారు. ఆ ఒక్కటీ చూసే వచ్చాను. ఎక్కండి, ఆటు తిరిగితే నీరు ఎదురొస్తాది."

ఎక్కాను. ఆయన చొక్కా లోపలి నుంచి చిన్న గుడ్డమూట తీసి, ఒక్క క్షణం తటపటాయించి, నా ఒళ్లో పెట్టి తెడ్డు అందుకున్నారు. దక్షిణపు పంటు చేరేదాకా నేను రెండు చేతులూ దాని మీద నుంచి తియ్యలేదు.